హైదరాబాద్‌కి కొత్తగా వచ్చారా? నీళ్ళ వెంట తిరగండి

(నగరానికి కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం ఒక గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో చాలామంది ఈ ఏడాదే హైదరాబాద్ వచ్చారట. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది ఆదిలాబాద్, ఒకరిది అనంతపురం. ఊళ్ళో మొదటగా ఏమేం చూడాలో చెప్పమని నన్ను పిలిచారు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, ట్యాంక్‌బండ్. ఈ నాలుగు పేర్లూ మీకు నేను చెప్పక్కర్లేదు. చాలామంది ఏం చేస్తారంటే, ఒక ఆదివారం ఆటో మాట్లాడుకుని నాలుగూ చుట్టేసి, ఫొటోలు దిగి, బిర్యానీ తిని హాస్టల్‌కి చేరుకుంటారు. అన్నీ చూసినట్టే ఉంటుంది. గోల్కొండలో ఉన్న రాజు చార్మినార్ ఎందుకు కట్టాడు, మధ్యలో ఆ నది ఏమిటి, నది ఒడ్డున ఆ గుమ్మటాల ఆసుపత్రి ఎవరు కట్టారు అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. వాళ్ళని తప్పు పట్టను. ఆ దారి వాళ్ళకి ఎవరూ చూపించలేదు.

నేను ఈ రోజు ఒకటే చెప్పదలుచుకున్నాను. ఈ ఊరిని నీళ్ళ వెంట చూడండి. గుట్ట మీది కోటకి నీళ్ళు ఎలా ఎక్కాయో చూసి, అక్కడి నుంచి నది దాకా, నది దాటి చార్మినార్ దాకా, తిరిగి అదే నది ఊరిని ముంచిన చోటు దాకా రండి. మీరు చూడాలనుకున్నవన్నీ ఆ దారిలోనే తగులుతాయి. పైగా ఏది ముందో ఏది తర్వాతో మనసులో నిలుస్తుంది.

గోల్కొండతో మొదలుపెట్టండి. పొద్దున్నే, గేటు తెరవగానే లోపల ఉండాలి. ఎండెక్కాక ఆ మెట్లు ఎక్కడం కష్టం, సుమారు 360 మెట్లు. కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేది. తర్వాత బహమనీల చేతికి వెళ్ళింది. బహమనీ రాజ్యం విచ్ఛిన్నమయ్యే రోజుల్లో కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇక్కడ పాగా వేసి రాతికోటగా మార్చాడు. అక్కడి నుంచి 1687 దాకా కుతుబ్‌షాహీలదే రాజ్యం.

లోపలికి వెళ్ళగానే గైడు మిమ్మల్ని గుమ్మటం కింద నిలబెట్టి చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు గుట్ట కొన మీదున్న బాలా హిసార్‌లో వినిపిస్తుంది. అందరూ కొడతారు, మీరూ కొట్టండి, తప్పేం లేదు. కానీ అది కాగానే గోడల వైపు చూడండి. రాతి కట్టడం విరిగిన చోట్ల మధ్యలోంచి కాల్చిన మట్టి గొట్టాలు బయటికి కనిపిస్తాయి. నా దృష్టిలో గోల్కొండలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ గొట్టాలనే. దుర్గం చెరువు నుంచి నీళ్ళు ఈ కోటకి మట్టి గొట్టాల్లోనే వచ్చేవి. అవును, మీరు సాయంత్రాలు కేబుల్ వంతెన మీద ఫొటోలు దిగే దుర్గం చెరువే. కోటకి చేరిన నీళ్ళని ఒక తొట్టిలో నింపి, ఏతపు చక్రాలతో పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, అలా అంచెలంచెలుగా గుట్ట మీదికి తోడేవారు. కరెంటు మోటారు లేని కాలంలో నాలుగు వందల అడుగుల గుట్ట మీద స్నానాల గదులూ ఫౌంటెన్లూ నడిచాయి. మెట్లెక్కుతూ ఆగినప్పుడల్లా దారి పక్కన పెద్ద పెద్ద తొట్లు, ఎండిపోయిన బావులు కనిపిస్తాయి. ఒకదాని కంటే ఒకటి ఎంత ఎత్తులో ఉందో చూసుకుంటూ ఎక్కండి. అలసట కూడా తెలియదు.

దారిలోనే రామదాసు బందిఖానా. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని ఆఖరి సుల్తాను తానీషా కొలువు ఆయన్ని ఖైదు చేసింది ఇక్కడే. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడి రూపాలు ఉన్నాయి, వాటిని ఆయనే చెక్కాడని నమ్మకం. పైకప్పులోంచి కాస్త వెలుతురు పడుతుంది. మనవాళ్ళెవరు వచ్చినా అక్కడ ఒక్క నిమిషం మాట ఆగిపోతుంది. ఆ కీర్తనలు వింటూ పెరిగినవాళ్ళం కదా. ఇంకాస్త పైకి వెళ్తే జగదాంబ మహంకాళి గుడి. ఆషాఢంలో నగరమంతటా జరిగే బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే. ఆ నెలలో ఇక్కడ ఉంటే, మొదటి ఆదివారం ఎంత రద్దీ ఉన్నా సరే వెళ్ళి రండి.

తానీషా అంటే ఖైదు చేసినవాడిగానే మనకు తెలుసు. ఆయన కొలువులో ప్రధాని మాదన్న, మాదన్న తోబుట్టువు అక్కన్న, ఇద్దరూ తెలుగువాళ్ళే. కుతుబ్‌షాహీల ఫర్మానాల్లో చాలావాటి మీద పారసీ పక్కన తెలుగు కూడా ఉండేది. ఇబ్రహీం కుతుబ్‌షా కుర్రతనంలో ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. రాజయ్యాక తెలుగు కవులను పోషించాడు, కావ్యాలు అంకితం పుచ్చుకున్నాడు. ఈ కోటలో మనం పరాయివాళ్ళం కాదన్న సంగతి మీకు తెలియాలని చెబుతున్నాను.

పైకి చేరాక బారాదరి అనే మండపం మీద నిలబడి నాలుగు వైపులా చూడండి. ఒక పక్క గాజు మేడల సైబరాబాద్, ఇంకో పక్క బూడిద రంగు గుమ్మటాలు. ఆ గుమ్మటాలే కుతుబ్‌షాహీ సమాధులు. కోట దిగి నేరుగా అక్కడికి వెళ్ళండి, దగ్గరే. ఎనిమిది మంది రాజుల్లో ఆఖరివాడైన తానీషా సమాధి మాత్రం అక్కడ లేదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. వానలు, వరద, కరువు మొఘల్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టాయి. చివరికి లోపలివాడే, అబ్దుల్లా ఖాన్ పణీ అనే సర్దారు, లంచానికి లొంగి రాత్రిపూట తలుపు తీశాడు. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. ఆయన అక్కడే పోయాడు.

సమాధుల్లో అన్నిటికన్నా పెద్దది హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీదే, ఎత్తు 42 మీటర్ల పైచిలుకు. ఫొటోలు దిగేవాళ్ళంతా దాని ముందే ఉంటారు. మీరు బడీ బావిలీ దగ్గరికి వెళ్ళండి. పెద్ద మెట్ల బావి. కొన్నేళ్ళ కిందట దాని గోడ ఒక పక్క కూలిపోయింది. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు ఈ ఆవరణంతా బాగుచేస్తూ వచ్చారు. పాత గుమ్మటాల మీద పూసిన సిమెంటు గీకి తీసి, పూర్వం లాగే సున్నంతో పూత పూశారు. బావిలో మట్టి తోడి, పడిపోయిన రాళ్ళను లెక్కగా తిరిగి పేర్చారు. ఇప్పుడు వానాకాలంలో అది నిండుతుంది. ఆవరణలోని మెట్ల బావుల పునరుద్ధరణకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మన ఊళ్ళలో పూడిపోయిన కోనేళ్ళు ఎన్ని లేవు? బాగుచేస్తే ఎలా ఉంటుందో ఈ బావి మెట్ల మీద కూర్చుని చూడండి.

ఇక నది. కోటలో జనం పెరిగారు, ఇరుకైపోయింది, నీళ్ళు చాలలేదు, రోగాలు వచ్చాయి. కొత్త ఊరు కావాల్సి వచ్చింది. మూసీ దాటడానికి 1578లోనే ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. ఊరు పుట్టింది 1591లో. అంటే ఊరి కంటే వంతెన పదమూడేళ్ళు పెద్దది. ఈ వంతెన గురించి మీకు ఒక ప్రేమకథ చెబుతారు. యువరాజు మహమ్మద్ కులీ ఉప్పొంగుతున్న నదిని గుర్రం మీద దాటి భాగమతిని చూడబోయాడని, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడని. వినడానికి బాగుంటుంది, వినండి. కానీ లెక్క చూస్తే, వంతెన పూర్తయ్యేసరికి ఆ యువరాజుకి పదమూడేళ్ళకి మించి లేవు. కోటకీ అవతలి ఒడ్డుకీ మధ్య బళ్ళూ బేరాలూ సాగాలి, దారి కావాలి, కట్టాడు. ఆ వంతెన కమానుల మీద నిలబడటానికి టికెట్టు లేదు, క్యూ లేదు. కూరగాయలవాళ్ళు బుట్టలు పెట్టుకుని కూర్చుంటారు. పర్యాటకుల జాబితాల్లో దీని పేరు పెద్దగా కనిపించదు. నన్నడిగితే దీన్ని చూడకుండా చార్మినార్‌కి వెళ్ళొద్దంటాను.

ట్యాంక్‌బండ్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. హుస్సేన్‌సాగర్ కూడా ఇబ్రహీం కాలానిదే, 1560ల్లో తవ్వించింది. మూసీ నుంచి కాలువ తీసి నింపారు. చెరువు నడుమ బుద్ధ విగ్రహం ఏకశిల, తరలించేటప్పుడు 1990లో పడవ మునిగి మనుషులు చనిపోయారు. రెండేళ్ళు నీళ్ళ అడుగున ఉన్న విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. సాయంత్రం ఒక గంట చాలు.

ఇప్పుడు చార్మినార్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి. 1591, హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం. మహమ్మద్ కులీ కొత్త నగరానికి నడిబొడ్డున దీన్ని నిలబెట్టాడు. నగరం నమూనా గీసింది ఆయన పేష్వా, అంటే ప్రధాని, మీర్ మోమిన్. నాలుగు దిక్కులకీ నాలుగు దారులు, ఆ కూడలి మీద చార్మినార్. మినార్ల ఎత్తు 56 మీటర్లు. గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. సందర్శకులని మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు. మెట్లు ఇరుకు, ఎదురుగా దిగేవాళ్ళు వస్తే గోడకి ఆనుకుని దారివ్వాలి. పైకి వెళ్ళి నాలుగు కమానుల్లోంచీ నాలుగు రోడ్లూ చూడండి. నాలుగు వందల ఏళ్ళ కింద గీసిన గీత ఇప్పటికీ అలాగే ఉంది.

దీన్ని కూడా నీళ్ళతోనే ముడిపెడతాను. 1660ల్లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఒక మాట రాసుకున్నాడు. ఈ కట్టడం అంతస్తుల మీదికి నీళ్ళెక్కించి, అక్కడి నుంచి రాజమహళ్ళ పై అంతస్తులకి అందించేవారట. ఆ మహళ్ళు ఇప్పుడు లేవు. అవి ఉన్న జాగా తెలుసుకోవాలంటే చార్మినార్ నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేయండి. నాలుగు పెద్ద కమానులు ఎదురవుతాయి, చార్ కమాన్. చేపల కమాన్, నల్ల కమాన్, చార్మినార్ కమాన్, రాజమహళ్ళకి దారితీసిన పడమటి కమాన్. వాటికి సరిగ్గా మధ్యలో గుల్జార్ హౌజ్, ఒక చిన్న ఫౌంటెన్. ఆటోలూ బైకులూ దాని చుట్టూ తిరిగిపోతుంటాయి, దాన్ని చూసేవాళ్ళు తక్కువ. ఒకప్పుడు రాజు సైన్యం బారులు తీరిన మైదానానికి అది నడుమ ఉన్న నీటి తొట్టి.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ వైపు నడిస్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా వస్తుంది. ఊళ్ళో ఏళ్ళతరబడి ఉంటున్నవాళ్ళలో కూడా దీన్ని చూసినవాళ్ళు తక్కువమంది. మహమ్మద్ కులీ కట్టించిన సంతాప మందిరం. మొహర్రంలో పీర్లను ఇక్కడ నిలుపుతారు. లోపలి గోడల మీద రంగు పలకల పని ఉంది, 1611లో పూర్తయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇటుక ఎరుపు. ఒక్కో చిన్న పలకనీ ఆకారానికి తగ్గట్టు కోసి పక్కపక్కన పొదిగారు. కిటికీ వెలుతురు పడినప్పుడు గోడకి దగ్గరగా వెళ్ళి చూడండి, చేత్తో మాత్రం తాకొద్దు. పైన పలకలు మెరుస్తుంటాయి. కిందికి చూపు దించండి. కొంత ఎత్తు దగ్గర ఆ మెరుపు ఆగిపోతుంది. అక్కడి నుంచి నేల దాకా అదే డిజైను, కానీ పలకలు కావు, గోడ మీద వేసిన రంగు. 1908లో మూసీ వరద లోపలికి వచ్చి కింది పలకలను పాడుచేసింది. తర్వాత వాటి స్థానంలో రంగులు వేశారు. ఆ నీళ్ళు మనిషికి ఎక్కడిదాకా వచ్చాయో మీరే గోడ పక్కన నిలబడి చూసుకోవచ్చు. పుస్తకంలో వరద గురించి పది పేజీలు చదివినా నాకు తెలియని సంగతి ఆ గోడ ఒక్క చూపులో తెలిపింది. ప్రార్థనాస్థలం కాబట్టి చెప్పులు బయట వదలండి, అక్కడున్న పెద్దవారిని అడిగి లోపలికి వెళ్ళండి.

మక్కా మసీదు చార్మినార్ పక్కనే. మహమ్మద్ కులీ తర్వాతి రాజు కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు చేతుల్లో పూర్తయింది. ఒకే ఒక్క పెద్ద రాయిని తీయడానికి అయిదారు వందల మంది అయిదేళ్ళు పనిచేశారని, దాన్ని 1400 ఎద్దులు లాగాయని ట్యావెర్నియే అనే ఫ్రెంచి యాత్రికుడు రాశాడు. లోపల అసఫ్‌జాహీ నవాబుల, అంటే నిజాంల, సమాధులు కూడా ఉన్నాయి.

లాడ్ బజార్‌కి వెళ్తే కొనే తొందరలో పడకండి. ఏదో ఒక సందులో లక్క గాజులు చేసేవాళ్ళు కూర్చుని ఉంటారు, చూడనిస్తారా అని అడగండి. నిప్పుల మీద లక్కని మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. అది గట్టిపడేలోపే చిన్న చిన్న అద్దపు రాళ్ళని ఒక్కొక్కటిగా అద్దాలి. ఒకటి పక్కకి జరిగితే వరసంతా చెడుతుంది. ఈ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని కళ్ళారా చూశాక బేరమాడండి. బేరం ఆడొద్దనను, కానీ ఎంతకి దిగాలో మీకే తెలుస్తుంది.

తిండి గురించి మీకు నాకన్నా బాగా తెలుసు. రంజాన్ నెలలో రాత్రిపూట ఇదే రోడ్డు మీద హలీం తినండి, అది చాలు.

మళ్ళీ నది దగ్గరికి రండి. 1908 సెప్టెంబరు 28. మూసీ ఊరి మీద పడింది. దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. పాత కుతుబ్‌షాహీ వంతెన, ఇందాక నేను చెప్పిన పురానాపూల్, నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరదలో దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారు. చెట్టు ఇంకా ఉంది. రోగుల బంధువులు దాని చుట్టుపక్కల కూర్చుని ఉంటారు. వెళ్ళి చూడండి, ఎవరికీ అడ్డం కాకుండా.

మీరు ఇప్పుడు చూసే నది ఒడ్డు ఆ వరద తర్వాతిది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన నీళ్ళని ఆపి రెండు జలాశయాలు కట్టమని ఆయన సలహా ఇచ్చారు. 1920కి ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీళ్ళే ఊరికి తాగునీళ్ళయ్యాయి. మునిగిన ఒడ్డుల మీద హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ లేచాయి. నయాపూల్ వంతెన మీద నిలబడితే ఈ పక్క ఆసుపత్రి గుమ్మటాలు, ఆ పక్క హైకోర్టు ఎర్రరాయి, రెండూ కనిపిస్తాయి. నది మాత్రం మురికిగా ఉంది. ముక్కు మూసుకుని దాటిపోతాం. ఇది చెప్పకుండా దాచలేను, నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒక ఊరికి పుట్టుకనిచ్చిన నదిని అలా ఉంచకూడదు.

అక్కడికి దగ్గరే సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ ఒక్కడు పోగుచేసినదే అందులో ఎక్కువ భాగం. అన్నీ చూడాలని పరుగెత్తకండి. మూడింటి దగ్గర ఆగండి. గంట కొట్టే గడియారం దగ్గర గంటకి అయిదు నిమిషాల ముందే చోటు చూసుకోవాలి, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర, పాలరాతిని తడిసిన వస్త్రంలా చెక్కిన ఇటలీ శిల్పి బెంజోనీ పనితనం చూడండి. మూడోది, పారసీ, ఉర్దూ, దక్కనీ రాతప్రతుల గది. జనం ఉండరు, హాయిగా చూడొచ్చు.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మాకు ఒక్క ఆదివారమే దొరుకుతుంది. ఏది వదిలేయాలి?)

మంచి ప్రశ్నమ్మా. ఊరి బయట రోజంతా పట్టే వినోద పార్కులు మొదటిసారికి వద్దు. ట్యాంక్‌బండ్ వదిలేయండి, అది రోజూ బస్సులోంచి కనిపిస్తూనే ఉంటుంది. సాలార్‌జంగ్ ఇంకో రోజుకి పెట్టుకోండి, దానికి సగం రోజు కావాలి. పొద్దున గోల్కొండ, సమాధులు. మధ్యాహ్నం పురానాపూల్ మీదుగా చార్మినార్, ఆషూర్‌ఖానా, లాడ్ బజార్. చీకటి పడేలోపు నయాపూల్, చింతచెట్టు. ఇంతే. ఇది కూడా హడావిడే, కానీ దారి తెగిపోదు.

(మరో విద్యార్థి: మా అమ్మానాన్నలు వస్తున్నారు సార్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు.)

అయితే గోల్కొండ పైకి ఎక్కించకండి. కింద నడిచినంత మేర, గొట్టాలు కనిపించే గోడల దాకా చూపించి సమాధుల దగ్గరికి తీసుకెళ్ళండి, అక్కడ తోట, చదునైన దారి. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ వాళ్ళకి నచ్చుతుంది. 1750లో మొదలై అయిదో నిజాం కాలంలో పూర్తయింది. దర్బారు హాల్లో షాండిలియర్ల కింద, బయట కొలను పక్కన కాసేపు కూర్చోవచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండి, చౌమహల్లాకీ సాలార్‌జంగ్‌కీ శుక్రవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజుకి జనం నిండుగా ఉంటారు, పెద్దవాళ్ళతో ఆ వేళకి అటు వెళ్ళొద్దు. శనివారం పెట్టుకోండి. పొద్దున పదింటికల్లా చౌమహల్లా చేరితే ఎండ ముదిరేలోపు చార్మినార్ కూడా కింద నుంచి చూపించి, భోజనం వేళకి ఇంటికి తీసుకురావచ్చు.